తల ఎవరిది? జడ ఎవరిది?

(బాలికల హక్కుల మీద జరిగిన కార్యకర్తల శిక్షణ శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)

రెండు రోజులుగా బాలికల హక్కుల గురించి మాట్లాడుకుంటున్నాం. బాల్యవివాహాలు, బడి మానేసిన పిల్లలు, పోక్సో కేసుల్లో పోలీస్ స్టేషన్ల చుట్టూ తిరగడాలు, రక్తహీనత. ఇంత బరువైన విషయాల మధ్య నేను ఒక జడ గురించి మాట్లాడతానంటే నిర్వాహకులు కాస్త తటపటాయించారు. "జడ గురించేనా మేడమ్?" అని ఒకటికి రెండుసార్లు అడిగారు. జడ గురించే. ఏడేళ్ల పిల్లకు ఇంట్లో సినిమాలోని ఒక పాత్రలాగా జడ వెయ్యడం గురించి. "ఇదీ ఒక విషయమేనా" అని అందరూ పక్కకు నెట్టేసిన చోటే ఆగి చూడమని స్త్రీల ఉద్యమం మనకు మొదట్లోనే నేర్పింది. వంటపని అలాంటిదే, బహిష్టు అలాంటిదే. తల దువ్వడం కూడా అలాంటిదేనని నా అభిప్రాయం. మీరు ఒప్పుకోకపోతే చివర్లో పోట్లాడుకుందాం.

మొన్న వేసవి సెలవులకు మా చెల్లెలి కూతురు మా ఇంటికి వచ్చింది. ఒక ఆదివారం పొద్దున్నే దువ్వెన, నూనె సీసా, రబ్బరు బ్యాండ్ల డబ్బా, వాళ్లమ్మ ఫోను పట్టుకొచ్చి నా ముందు కూర్చుంది. ఫోనులో బొమ్మ చూపించి, "పెద్దమ్మా, నాకు ఎల్సా జడ వెయ్యవా?" అంది.

ఇంట్లో ఆడపిల్లలున్న వాళ్లకు ఎల్సా గురించి చెప్పక్కర్లేదు. మిగిలిన వాళ్లకోసం చెప్తున్నాను. 2013లో డిస్నీ సంస్థ తీసిన "ఫ్రోజెన్" అనే బొమ్మల సినిమాలో రాణి ఆమె. ముట్టుకున్నదల్లా మంచుగా మార్చే శక్తి ఉంటుంది. ఆ శక్తి బయటపడకూడదని చిన్నప్పటినుంచీ చేతులకు తొడుగులు వేసి, గదిలో దాచి పెంచుతారు. పట్టాభిషేకం నాడు ఆమె జుట్టు బిగించి చుట్టిన ముడిలో ఉంటుంది. రహస్యం బయటపడి కొండల్లోకి పారిపోయాక, ఇక దాచక్కర్లేదని తెలిసిన క్షణాన కిరీటం విసిరేసి ఆ ముడి విప్పేస్తుంది. జుట్టు వదులైన జడగా ఎడమ భుజం మీదికి జారుతుంది. పిల్లలు అడిగేది ఆ జడే. ఆ సినిమా దర్శకులిద్దరిలో ఒకరు జెన్నిఫర్ లీ అనే స్త్రీ. 2019లో వచ్చిన రెండో భాగం తెలుగులోకి కూడా డబ్బింగ్ అయింది, అందులో ఎల్సాకు నిత్యా మీనన్ గొంతు ఇచ్చింది. అంటే మా పిల్ల దృష్టిలో ఎల్సా పరాయి దేశపు మనిషి కాదు. తనలాగే తెలుగు మాట్లాడుతుంది. జుట్టు మాత్రం తనలాంటిది కాదు. ఎల్సాది దాదాపు తెల్లగా కనిపించే లేత బంగారు రంగు, పట్టులా జారే జుట్టు. మా పిల్లది నల్లటి, ఒత్తయిన రింగుల జుట్టు.

నేను మొదట చేసిన పని ఉపన్యాసం ఇవ్వడం. సిగ్గుపడుతూనే చెప్తున్నాను. తెల్లరంగే అందం అని ఎవరు నిర్ణయించారు, మన జుట్టు మనకెంత బావుంటుంది, ఈ కంపెనీలు బొమ్మలు అమ్ముకోవడానికి సినిమాలు ఎలా తీస్తాయి, ఇవన్నీ ఏడేళ్ల పిల్లకు పావుగంట చెప్పాను. బుద్ధిగా విన్నది. అంతా అయ్యాక, "అయితే జడ వెయ్యవా?" అంది.

వేశాను. ఎలా వేశానో కూడా చెప్తాను, ఎందుకంటే ఆ పనిలో చాలా విషయం ఉంది. జుట్టు కొంచెం తడిపి, కింది నుంచి పైకి చిక్కు తీసుకుంటూ వచ్చాను. పైనుంచి దువ్వితే పిల్ల ప్రాణం పోతుంది. నడినెత్తిన కాకుండా ఒక పక్కగా పాపిడి తీశాను. నుదుటి దగ్గర మూడు సన్నని పాయలు తీసుకుని అల్లడం మొదలుపెట్టాలి. ఒక్కో పాయ వేసినప్పుడల్లా పక్కనుంచి కొంచెం కొంచెం జుట్టు అందులో కలుపుకుంటూ వెనక్కి రావాలి. మెడ దగ్గరికి వచ్చాక మొత్తం జుట్టును ఎడమ భుజం మీదికి తిప్పి, అక్కడినుంచి మామూలు జడలాగే చివరిదాకా అల్లి బ్యాండు వేస్తే సరి. తర్వాత పాయల్ని వేళ్లతో కొంచెం కొంచెం బయటికి లాగి వదులు చేస్తే జడ లావుగా కనబడుతుంది. ఎల్సా జడంత లావు రావడం మాత్రం అసాధ్యం. ఆమెకు కంప్యూటర్లో నాలుగు లక్షల పైచిలుకు వెంట్రుకలు పెట్టారట. మనుషుల తల మీద ఉండేవి సుమారు లక్ష. అంటే ఏ దేశపు పిల్లకైనా ఆ జడ పుట్టుకతో రాదు. తెల్లపిల్లలకు కూడా రాదు.

గంట పట్టింది. అద్దం ముందు నిలబడింది. అటు తిరిగింది, ఇటు తిరిగింది. మొహం చిన్నబుచ్చుకుంది. "ఇది ఎల్సా కాదు పెద్దమ్మా. ఎల్సాది తెల్లగా ఉంటుంది." కాసేపు ఆలోచించి పౌడరు డబ్బా తెచ్చింది. "జడకి పౌడరు కొడితే తెల్లగా అవుతుంది కదా?" మొహానికి కొట్టుకుంటే తెల్లగా అవుతుందని వాళ్లింట్లో ఎవరో ఎప్పుడో చెప్పే ఉంటారు. ఏడేళ్లకే ఆ లెక్క దానికి వచ్చేసింది.

మా అమ్మ పక్కనే కూర్చుని బీరకాయలు చెక్కుతోంది. "తెల్లజుట్టే కావాలంటే నాది తీసుకోవే, నాకొద్దు" అంది. అందరం నవ్వాం. నవ్వాక నాకు ఒక సంగతి తట్టింది. మా అమ్మ ఇరవై ఏళ్లుగా నెలనెలా తలకు నల్లరంగు వేసుకుంటోంది. మనవరాలేమో నలుపు దాచుకోవడానికి పౌడరు వెతుకుతోంది. మధ్యలో నేను. ముప్పై అయిదో ఏట జుట్టు చాలా పొట్టిగా కత్తిరించుకున్నాను. ఊళ్ల మీద తిరిగే ఉద్యోగం, రోజూ తల దువ్వుకునే తీరిక లేక. ఇప్పటికీ ఏ ఊరు వెళ్లినా ఎవరో ఒకరు "తిరపతి వెళ్లొచ్చారా, ఏం మొక్కు?" అని అడుగుతారు. అంతకన్నా మెల్లగా అడిగేవాళ్లు "ఒంట్లో బావుండలేదా?" అంటారు. దేవుడు గాని జబ్బు గాని కారణం కాకుండా ఒక ఆడది తన జుట్టు తానే తీసేసుకుంటుందని మన సమాజం ఊహించలేదు. ఆ ముందుగదిలో మూడు తరాల ఆడవాళ్లం ఉన్నాం. ఒక్కరం కూడా మా జుట్టుతో మేము నిశ్చింతగా లేం.

ఆ రాత్రి మా అమ్మ నాకెప్పుడూ చెప్పని కథ ఒకటి చెప్పింది. 1971లో "ప్రేమ్‌నగర్" వచ్చింది. మీలో పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. కోడూరి కౌసల్యాదేవి నవల అది, అంటే మూలం ఒక స్త్రీ రాసిన కథే. అందులో వాణిశ్రీ లత పాత్ర వేసింది. ఆ రోజుల్లో వాణిశ్రీ చీర కట్టూ, వాణిశ్రీ కొప్పూ అంటే ఆంధ్రదేశమంతా పిచ్చి. మా అమ్మకప్పుడు పదిహేనేళ్లు. వాళ్ల పిన్ని పాత గుడ్డను ఉండలా చుట్టి లోపల పెట్టి, దానిమీద జుట్టు పరిచి, పిన్నులు గుచ్చి ఆ కొప్పు పెట్టిందట. సాయంత్రం తాతయ్య పొలం నుంచి వచ్చి చూసి, ఒక్క దెబ్బ వెయ్యలేదు, ఒక్క తిట్టు తిట్టలేదు. "సినిమా వేషాలా? విప్పు" అన్నాడట. వాకిట్లో అందరూ చూస్తుండగా పిన్నులు ఒక్కొక్కటే తీసి కింద పెట్టింది. అక్కడే నూనె రాయించి బిగించి జడ వేయించారు. యాభై ఏళ్లు దాటింది. ఆ పిన్నులు ఎన్నో మా అమ్మకు ఇప్పటికీ గుర్తే. పదకొండు.

"ఆ కొప్పే ఎందుకమ్మా నచ్చింది?" అని అడిగాను. అందం గురించి చెప్తుందనుకున్నాను. "ఆ పిల్ల ఉద్యోగం చేస్తుంది కదే. విమానంలో చేసింది, తర్వాత సెక్రటరీగా చేసింది. అంతపెద్ద జమీందారు ముందు నిలబడి మాట్లాడుతుంది" అంది మా అమ్మ. ఆమె నెత్తిన పెట్టుకోవాలనుకున్నది కొప్పు కాదు, ఉద్యోగం. రెండేళ్లు తిరక్కుండానే పెళ్లి చేశారు. ఉద్యోగం ఎలాగూ రాలేదు, ఆ కొప్పు కూడా ఒక పూటైనా నిలవలేదు.

అప్పుడు నాకు బుద్ధి వచ్చింది. మా అమ్మను అడిగిన ప్రశ్నే పిల్లను పొద్దున అడిగి ఉండాల్సింది. ఉపన్యాసం ఇచ్చాను గాని, ప్రశ్న వెయ్యలేదు. మర్నాడు అడిగాను. "ఎల్సా అంటే ఎందుకే అంత ఇష్టం?" అది తడుముకోకుండా చెప్పింది. "ఎల్సాకి కోపం వస్తే ఇల్లంతా మంచు పడిపోతుంది. నాకు కోపం వస్తే అమ్మ మూల నిలబెడుతుంది."

మిత్రులారా, నేను సమాజశాస్త్రం చదువుకున్నాను. ఆడపిల్లకు కోపం ఎలా మాన్పిస్తారో క్లాసుల్లో పాఠాలు చెప్పాను. ఇంత పొట్టి మాటల్లో ఎప్పుడూ చెప్పలేకపోయాను. ఆ పిల్లకు కావలసింది బంగారు రంగు కాదు. కోపం తెచ్చుకునే హక్కు. అది ఎవరిని అడగాలో తెలియక, దొరికిన మేరకు జడ అడిగింది. మార్కెట్‌కు మాత్రం జడ ఒక్కటే వినబడింది. కోపం అమ్ముడుపోదు. విగ్గు అమ్ముడుపోతుంది, బొమ్మ అమ్ముడుపోతుంది, నీలం గౌను అమ్ముడుపోతుంది.

సినిమాలో స్త్రీ జుట్టు మారిందంటే కథలో ఏదో మారుతోందని అర్థం. ఏది మారుతోందో చూడడం మనకు అలవాటు కావాలి. 1953లో వచ్చిన "రోమన్ హాలిడే"లో ఆడ్రీ హెప్‌బర్న్ ఒక రాకుమారి. రాచరికపు బందోబస్తు నుంచి తప్పించుకుని రోము వీధుల్లో తిరుగుతూ ఒక మంగలి దుకాణంలోకి వెళ్లి పొడుగాటి జుట్టు కత్తిరించమంటుంది. అతను జంకుతాడు, "నిజంగానా?" అన్నట్టు చూస్తాడు. ఆమె ఇంకా పైకి, ఇంకా పైకి అంటుంది. ఆమె తన ఇష్టంతో తీసుకున్న మొదటి నిర్ణయం అది. ఆ హెప్‌బర్న్ నుదుటి జుట్టునే చూసి 1960లో "లవ్ ఇన్ సిమ్లా" దర్శకుడు ఆర్.కె.నయ్యర్ సాధనకు అలాంటి కత్తిరింపు పెట్టించాడు. ఆమె నుదురు వెడల్పుగా ఉందని, దాన్ని కప్పడానికి. ఇక కథలో చూడండి. ఆమెను అందవిహీనంగా ఉన్నావని అందరూ ఎగతాళి చేస్తారు. ఇంట్లోని పెద్దావిడ ఆమెను ముస్తాబు చేసి, తీర్చిదిద్దుతుంది. అక్కణ్నించి ఆమె మగవాడి మనసు గెలుస్తుంది. అదే నుదుటి జుట్టు. ఒకచోట స్వేచ్ఛ, ఇంకోచోట పెళ్లిసంత. దేశమంతా అమ్మాయిలు "సాధన కట్" అని కత్తిరించుకున్నారు. ఎవరు ఏ కథ చూసి కత్తిరించుకున్నారో ఎవరూ అడగలేదు.

సినిమాలే చెడగొట్టాయని నేను అనడం లేదు. సినిమాలు రాకముందు కూడా మన ఇళ్లలో ఆడపిల్లల తల మీద కథలు అల్లారు. భామాకలాపంలో సత్యభామ అతిశయమంతా ఆమె జడలోనే ఉంది. ఎండాకాలం మల్లెలు వచ్చాయంటే పిల్లలకు పూలజడ కుట్టి, ఫొటో స్టూడియోకు తీసుకెళ్లి, వెనక జడ కూడా కనబడేలా నిలువుటద్దం పక్కన నిలబెట్టి ఫొటో తీయించేవాళ్లు. మీలో సగం మందికి అలాంటి ఫొటో ఇంట్లో ఉండే ఉంటుంది. ఆ ఫొటోల్లో పిల్ల మొహం ఎలా ఉంటుందో గుర్తు తెచ్చుకోండి. ఎక్కువమంది ఏడవబోతున్నట్టు ఉంటారు. బరువుకు మెడ లాగేస్తుంది, పిన్నులు గుచ్చుకుంటాయి, కదలొద్దంటారు. అది పిల్ల అడిగిన జడ కాదు, పెద్దవాళ్లు చూసుకోవాలనుకున్న జడ. మా పిల్ల అడిగిన జడకూ దానికీ ఉన్న తేడా మనకు ముఖ్యం.

"జుట్టున్నమ్మ ఏ కొప్పైనా పెడుతుంది" అంటారు. పచ్చి అబద్ధం. జుట్టు ఉన్నంత మాత్రాన ఏ కొప్పైనా పెట్టుకునే హక్కు మన దేశంలో ఏ స్త్రీకీ లేదు. అగ్రవర్ణాల ఇళ్లలో మొగుడు చచ్చిన పిల్లకు, అది పన్నెండేళ్లదైనా సరే, తల గొరిగించారు. 1890లో జ్యోతిబా ఫూలే సహచరుడు, కార్మిక నాయకుడు నారాయణ మేఘాజీ లోఖండే చొరవతో బొంబాయి క్షురకులు సమావేశమై ఇక వితంతువుల తలలు గొరగబోమని తీర్మానించుకున్నారు. కత్తి పట్టుకున్న చెయ్యే "నేను చెయ్యను" అంది. సంస్కరణ చరిత్ర అంటే మనకు పెద్ద పేర్లే గుర్తొస్తాయి. ఈ క్షురకుల్ని కూడా గుర్తు పెట్టుకోవాలి.

అవన్నీ పాత రోజులనుకోవద్దు. 2019లో తెలంగాణలో ఒక గిరిజన గురుకులంలో నీళ్లు చాలడం లేదని ఆడపిల్లల జుట్టు కత్తిరించేశారని పత్రికల్లో వచ్చింది. నీళ్లు తెప్పించడం కన్నా పిల్లల జుట్టు తీసేయడం తేలిక అనిపించింది. అదే పని పట్నంలో ఫీజులు కట్టే తల్లిదండ్రుల పిల్లలకు చెయ్యగలరా? కులం, వర్గం తల మీదే కనబడతాయి. ఇంకోవైపు ఎన్నో బడుల్లో రెండు జడలు మడిచి రిబ్బన్లు కట్టుకురాకపోతే ప్రార్థన దగ్గర బయట నిలబెడతారు. పొద్దున అయిదింటికి నాట్లకు పోయే తల్లి ఆ రెండు జడలు ఎప్పుడు వెయ్యాలి? ఎనిమిదేళ్ల అక్క ఆరేళ్ల చెల్లికి వేస్తుంది. వంకర పాపిడి అని టీచరు తిడుతుంది. రింగుల జుట్టు పిల్లకైతే నూనె కారేదాకా రాసి అణచాలి. దక్షిణాఫ్రికాలోని ప్రిటోరియాలో 2016లో ఒక బాలికల ఉన్నత పాఠశాలలో నల్లజాతి విద్యార్థినులు తమ సహజమైన జుట్టును తప్పుపట్టే నిబంధనల మీద తిరగబడ్డారు. 2019లో అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం జుట్టు తీరును బట్టి బడిలో, ఉద్యోగంలో వివక్ష చూపకూడదని చట్టమే చేసింది. మన దగ్గర అది ఇంకా ఎవరి ఎజెండాలోనూ లేదు.

ఇంకో వింత చూడండి. తిరుమలలో భక్తులు సమర్పించిన తలనీలాలను దేవస్థానం వేలం వేస్తుంది. మన వీధుల్లో వెంట్రుకలు కొనేవాళ్లు తిరుగుతారు. దువ్వెనకు వచ్చిన చిక్కు వెంట్రుకలు ఉండ చుట్టి గోడ సందులో దాచి, వాళ్లు వచ్చినప్పుడు ఇచ్చి పిన్నులో, గిన్నెలో తీసుకునే ఆడవాళ్లు ఎందరో. ఆ జుట్టు శుభ్రమై, విగ్గులకు, సవరాలకు విదేశాలకు ఎగుమతి అవుతుంది. మన నల్లజుట్టుకు ప్రపంచమంతా గిరాకీ ఉంది. మన పిల్లకు మాత్రం ప్లాస్టిక్ దారాలతో చేసిన తెల్లజడ అమ్ముతారు. అసలు జుట్టు అటు పోతుంది, నకిలీ జుట్టు ఇటు వస్తుంది. "నీ జుట్టు పనికిరాదు" అనే మాట దానితో పాటు ఉచితం.

మరైతే ఏం చెయ్యాలి? "సినిమా వేషాలా, విప్పు" అన్న మా తాతయ్యకూ, పావుగంట ఉపన్యాసం ఇచ్చిన నాకూ తేడా ఎంత? ఆయన పరువు పేరుతో వద్దన్నాడు, నేను స్త్రీవాదం పేరుతో వద్దనబోయాను. పిల్ల తల మీద పెద్దల చెయ్యి రెండుచోట్లా ఒకటే. అలాగని అడిగిందల్లా చెయ్యమనీ కాదు. నల్లజుట్టు బంగారు రంగులోకి రావాలంటే ముందు బ్లీచు పెట్టి దాని నలుపు తీసెయ్యాలి. పసిపిల్ల నెత్తి మీద ఆ మందులు పెట్టనని చెప్పాల్సిందే, ఎందుకో చెప్పి మరీ. ఏ జడైనా రోజూ లాగి బిగిస్తే నుదుటి దగ్గర జుట్టు ఊడిపోతుంది, అదీ చెప్పాలి. కానీ జడ ఎలా ఉండాలన్నది పిల్లను అడిగి చెయ్యాలి. 1989లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడికను మన దేశం 1992లో అంగీకరించింది. దానిలో 12వ అధికరణం తనకు సంబంధించిన విషయాల్లో తన అభిప్రాయం చెప్పుకునే హక్కు పిల్లలకు ఉందంటుంది. మనం దాన్ని కోర్టులకూ కమిటీలకూ సంబంధించినదనుకుంటాం. ఏడేళ్ల పిల్లకు సంబంధించిన విషయం దాని తల కన్నా ఇంకేముంది? "నా తల, ముట్టుకునే ముందు నన్ను అడుగు" అనడం ఇంట్లో తల్లి దగ్గర నేర్చుకున్న పిల్ల, రేపు బస్సులో, బడిలో, ఇంకోచోట "ముట్టుకోకు" అనగలుగుతుంది. మనం శిబిరాలు పెట్టి నేర్పించే పాఠం ఇంట్లో దువ్వెన దగ్గరే మొదలవ్వాలి.

తల దువ్వడాన్ని నేను చాకిరీ అనే లెక్కలోనే చూస్తాననుకోకండి. చాకిరీయే, సందేహం లేదు. ఇద్దరాడపిల్లలున్న ఇంట్లో రోజుకు ముప్పావుగంట. ఏ లెక్కల్లోకీ రాని పని. దాన్ని తండ్రులు కూడా నేర్చుకోవాలి, మగపిల్లలకు కూడా నేర్పాలి. కానీ మధ్యాహ్నం పూట అరుగుల మీద ఒకరి వెనక ఒకరు కూర్చుని పేలు చూసుకుంటూ ఆడవాళ్లు ఎన్ని మాట్లాడుకునేవాళ్లు! ఈరుబాన చేతిలో ఉంటే, మొహాలు ఒకరికొకరికి కనబడకపోతే, ఎదురుగా కూర్చుని చెప్పలేనివి చెప్పుకుంటారు. కోపం గురించిన ఆ మాట పిల్ల నాతో అన్నది కూడా నేను దాని వెనక కూర్చుని చిక్కు తీస్తున్నప్పుడే.

కిశోర బాలికల బృందాలతో పనిచేసేవాళ్లు మీలో చాలామంది ఉన్నారు. మీ తర్వాతి సమావేశంలో ఒక పని చేసి చూడండి. "మీ జుట్టు విషయంలో ఎవరెవరు నిర్ణయం చేస్తారు?" అని అడగండి. ఎంత పొడుగుండాలి, నూనె రాయాలా, విరబోసుకోవచ్చా, పూలు పెట్టవచ్చా, ఎప్పుడు తలంటుకోకూడదు. ఒక్కోదానికి ఎదురుగా పేర్లు రాయమనండి. అమ్మ, నాన్న, అన్న, టీచరు, హాస్టలు వార్డెను, దేవుడు. ఆ జాబితాలో వాళ్ల పేరు ఎక్కడుందో వాళ్లే వెతుక్కుంటారు. తర్వాత "మీకు ఏ సినిమాలో ఎవరి జుట్టు ఇష్టం?" అని అడగండి. వెంటనే "ఆమె సినిమాలో ఏం చేస్తుంది?" అని అడగండి. మన ఉపన్యాసాలకన్నా ఆ జవాబులు ఎక్కువ పని చేస్తాయని నా నమ్మకం.

మా ఇంటి సంగతి ముగిస్తాను. పౌడరు కొట్టలేదు. కొడితే దురద పెడుతుందని చెప్పాను, ఒప్పుకుంది. జడ మాత్రం రాత్రిదాకా విప్పనివ్వలేదు. నల్లటి ఎల్సాగానే ఇల్లంతా తిరిగి, ఎవరు పిలిచినా చేతులు చాపి మంచు విసిరింది. కోపం వచ్చినప్పుడు మూల నిలబెట్టకుండా ఏం చెయ్యొచ్చో మా చెల్లెలితో మాట్లాడాను. అది ఇంకా తేలలేదు. రెండు రోజులకు వాళ్ల అమ్మమ్మ తల దువ్వుతూ, పాపిట్లో రంగు దిగిపోయి తెల్లగా కనబడుతున్న చోట వేలు పెట్టి, "అమ్మమ్మా, నీకు ఇక్కడ ఎల్సా వస్తోంది" అంది. మా అమ్మ అద్దం తెప్పించుకుని చాలాసేపు చూసుకుంది. ఇక రంగు మానేస్తుందేమోననుకున్నాను. మానలేదు. వచ్చే వారం పెళ్లికి వెళ్లాలి కదా అంది. సరే, ఆమె తల, ఆమె ఇష్టం.

ఇక మీరు మాట్లాడండి.